దిగకుండా లేచిపోతే అది ముప్పు కాదండీ

సంపాదకులకు నమస్కారం.

ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో రెండు మామూలే. తెల్లారకముందు గుళ్లో మైకు, తెల్లారాక మీ పేపరు జిల్లా పేజీలో గన్నవరం విమానం. ‘గాల్లో చక్కర్లు.. ప్రయాణికుల్లో టెన్షన్ టెన్షన్’, ‘రన్‌వే దాకా వచ్చి మళ్లీ పైకి.. తప్పిన పెను ముప్పు’. మీ ఒక్కరినే అనడం లేదు, అన్ని పేపర్లదీ ఇదే వరస, టీవీల సంగతి చెప్పనే అక్కర్లేదు. హెడ్డింగు కింద చదివితే జరిగింది ఇంతే ఉంటుంది: పొగమంచు కమ్మింది, పైలట్‌కి రన్‌వే కనపడలేదు, దిగకుండా పైకి లేపేశాడు, కాసేపు తిరిగాడు, మంచు విడిచాక దిగాడు. విడవకపోతే హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇందులో తప్పిన ముప్పు ఏదో నాకు అర్థం కావడం లేదు. ఆ హెడ్డింగు మార్చమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను విమానాల మనిషిని కాను. 33 ఏళ్లు ఆర్టీసీలో స్టీరింగు పట్టి రిటైరైనవాణ్ణి. ఉండేది గన్నవరం పక్కనే. పొద్దున్నే డాబా మీద మొక్కలకు నీళ్లు పోస్తుంటే విమానం చప్పుడు వస్తుంది, మంచులో విమానం మాత్రం కనపడదు. కాలువలు, మాగాణి, గాలి లేని రాత్రి, పైన మబ్బు లేని ఆకాశం. ఈ నాలుగూ కలిస్తే తెల్లారుజామున మా ఊరి మీద దుప్పటి పరుచుకున్నట్టే ఉంటుంది. ఎండ కాస్త ఎక్కితే తొమ్మిదింటికల్లా ఏమీ ఎరగనట్టు పోతుంది.

నా సర్వీసులో ఒక సంగతి చెబుతాను. హైదరాబాద్ నుంచి నైట్ సర్వీసు తెస్తున్నాను. సంక్రాంతికి ముందు రోజులు. నందిగామ దాటేసరికి నాలుగున్నర. కీసర దగ్గర మునేరు వంతెన ఇంకా రాలేదు, ఎదురుగా తెల్లగోడ కట్టినట్టు మంచు. లైటు పెంచితే ఆ గోడ ఇంకా దగ్గరకొస్తుంది. తల కిటికీలోంచి బయటపెట్టి, రోడ్డు అంచున తెల్లగీత చూసుకుంటూ రెండో గేరులో కొంత దూరం లాగాను. తర్వాత ఆ గీత కూడా పోయింది. పక్కన టీ కొట్టు ఉంటే అక్కడ దించి ఆపేసి, ఇక కదలనని కండక్టరుతో చెప్పాను. బస్సు నిండా జనం. రైలు అందుకోవాల్సినవాళ్లు, ముహూర్తానికి వెళ్లాల్సినవాళ్లు. ఒక పెద్దమనిషి నా దగ్గరకొచ్చి, “నీకు చేతకాకపోతే స్టీరింగు ఇటియ్యి, నేను నడుపుతాను” అన్నాడు. ఏడు దాటాక బయల్దేరాం. నలుగురు సంతకాలు పెట్టి కంప్లయింటు ఇచ్చారు. మేనేజరుగారు అది చదివి, “బండికి దెబ్బలేమైనా తగిలాయా?” అని అడిగారు. లేదన్నాను. కాగితం సొరుగులో పడేశారు. మర్నాడు ఏ పేపర్లోనూ ‘ఆర్టీసీ బస్సుకు తప్పిన ఘోర ప్రమాదం’ అని రాలేదు. వచ్చి ఉంటే మా ఆవిడ నా చేత ఉద్యోగం మాన్పించేది.

అంత తెలిసినవాణ్ణి, రెండేళ్ల కిందట ఆ పెద్దమనిషి వేషం నేనే వేశాను. అదీ అమెరికాలో.

మా అమ్మాయి, అల్లుడు షికాగోలో ఉంటారు. జనవరిలో మేమిద్దరం అక్కడున్నాం. డాలస్‌లో మా బావమరిది ఇంటికి అల్లుడితో కలిసి వెళ్లి తిరిగి వస్తున్నాం. షికాగోలో పెద్ద విమానాశ్రయం ఓహేర్ కాకుండా ఊరి మధ్యలో మిడ్‌వే అని ఇంకొకటి ఉంది. మా విమానం అక్కడికి. కిందికి దిగుతోంది, కిటికీలోంచి మంచు పూలు అడ్డంగా దూసుకుపోతున్నాయి, ఇళ్ల కప్పులు కనపడుతున్నాయి. ఇక చక్రాలు తాకుతాయి అనుకుంటుండగా ఇంజన్లు ఒక్కసారి గట్టిగా మోగాయి, వీపు సీటుకి అతుక్కుంది, ముక్కు పైకెత్తి లేచిపోయింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని వెంకటేశ్వరస్వామికి ఏదో మొక్కింది. ఏం మొక్కిందో ఈరోజుకీ చెప్పలేదు. అరగంట తిరిగాక ఇండియానాపోలిస్‌లో దించారు.

అక్కడ నాలుగు గంటలు. నేను అల్లుడి మీద విసుక్కున్నాను. “ఇంత దూరం వచ్చి దించలేనివాడు బండెందుకు తీశాడయ్యా? మన ముందు వెళ్లిన విమానం దిగిందిగా” అన్నాను. అప్పుడే పైలట్ సీట్ల మధ్యకి వచ్చి నిలబడి అందరికీ చెప్పాడు. అల్లుడు నాకు తెలుగులో చెప్పాడు: రన్‌వే చివరి భాగంలో బ్రేకులు పట్టడం లేదని రిపోర్టు వచ్చింది, నాకు ఆ లెక్క నచ్చలేదు, అందుకని వచ్చేశాను. అంతే అన్నాడు. క్షమాపణ గట్రా ఎక్కువేం లేదు. నేను నోరు మూసుకుని డాలస్ నుంచి తెచ్చిన పులిహోర పొట్లం విప్పాను.

ఇక్కడ ఒక మాట. మన తెలుగులో పొగమంచునీ, అక్కడ కురిసే స్నోనీ కూడా మంచు అనే అంటాం. గన్నవరంలో పడేదీ మంచే, షికాగోలో పడేదీ మంచే. కానీ మనది కళ్లకు అడ్డం, వాళ్లది కళ్లతో పాటు కాలికీ అడ్డం. రన్‌వే కనపడ్డాక కూడా పని అవదు. బ్రేకు తొక్కితే బండి ఆగాలి కదా. డ్రైవర్లకిది వివరించక్కర్లేదు. ఎండాకాలం అంతా రోడ్డు మీద ఆయిలు, దుమ్ము పేరుకుని ఉంటాయి. తొలకరి జల్లు నాలుగు చినుకులు పడగానే ఆ రోడ్డు సబ్బు రాసినట్టవుతుంది. గట్టిగా వాన కొట్టి కడిగేశాక నయం. ఆ మొదటి పావుగంటలో కొత్త డ్రైవరు బ్రేకు తొక్కాడా, బస్సు వెనకభాగం ముందుకొచ్చి పలకరిస్తుంది.

ఇంటికి చేరాక అల్లుడు ఒక ఆదివారం నన్ను కారులో తీసుకెళ్లి మిడ్‌వే మూల చూపించాడు. 55వ వీధి, సెంట్రల్ అవెన్యూ కలిసే చోటు. ఒక పక్క విమానాశ్రయం కంచె, దాన్ని ఆనుకుని రోడ్డు, రోడ్డుకి అటు ఇళ్లు, దుకాణాలు. ఆ విమానాశ్రయం మొత్తం ఒక చదరపు మైలు. బెజవాడ బందరు రోడ్డు పక్కన రన్‌వే వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. 2005 డిసెంబరు 8 సాయంత్రం ఏడుంబావు ప్రాంతంలో, బాల్టిమోర్ నుంచి వచ్చిన సౌత్‌వెస్ట్ వాళ్ల బోయింగ్ 737 మంచు తుఫానులో అక్కడ దిగింది. ఆగలేదు. కంచెలు తెంచుకుని ఈ రోడ్డు మీదకొచ్చి ఒక కారుని గుద్దింది. విమానంలో ఉన్న 103 మందిలో ఎవరికీ ప్రాణం పోలేదు. కారులో ఇంటివాళ్లతో వెళ్తున్న ఆరేళ్ల బాబు పోయాడు. విమానం ఎక్కనివాడు, విమానం గురించి ఏ టెన్షనూ లేనివాడు.

ఆ చలికాలమంతా నాకు బయటికి వెళ్లే దారి లేదు. మనవరాలు ఎనిమిదో తరగతి. అమెరికా ప్రభుత్వ దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఆ ప్రమాదం మీద ఇచ్చిన రిపోర్టుని ఆ పిల్ల చేత సాయంత్రాలు చదివించుకున్నాను. అంకెలు నేను నోటుబుక్కులో రాసుకున్నాను. చదువుతుంటే విమానం కథలా లేదు, మా డిపోలో ఎంక్వయిరీ కాగితంలా ఉంది.

ముందు వెళ్లిన విమానాలవాళ్లు బ్రేకుల గురించి ఒకరొకటి చెప్పారు. రన్‌వే మొదటి సగం ఫర్వాలేదు, రెండో సగం బాగాలేదు అన్నట్టు. ఘాట్‌లో ఎదురొచ్చే లారీవాణ్ణి అడిగితే “పర్లేదన్నా, వెళ్లిపోవచ్చు” అంటాడు. వాడి లోడు వేరు, వాడి టైర్లు వేరు, వాడు ఎక్కుతున్నాడు, మనం దిగుతున్నాం. పైగా గాలి వెనక నుంచి. 8 నాట్లు, అంటే గంటకు 15 కిలోమీటర్ల తోపుడు. ఎదురుగాలి దొరికేలా అటు చివర నుంచి దిగుదామంటే, అటువైపు దిగడానికి ఇంకా ఎక్కువ దూరం చూపు ఉండాలి. ఆ తుఫానులో అది లేదు.

పైలట్లు విమానంలో కంప్యూటరుకి లెక్క ఇచ్చారు. బ్రేకులు ఓ మోస్తరుగా పడితే రన్‌వే చివర 560 అడుగులు మిగులుతాయంది. అసలు బాగా పట్టకపోతే? పట్టుమని 50 అడుగులు కూడా మిగలవు. అంటే ఆ విమానం పొడవులో సగం. ఆ కాస్తయినా మిగులుతుంది కదా అని దిగారు. కానీ ఆ లెక్కలో రెండు మడతలు ఉన్నాయి. బ్రేకులు బాగాలేనప్పుడు వెనకగాలి 5 నాట్లు దాటకూడదని వాళ్ల సంస్థ రూలు, అందుకని కంప్యూటరు 8కి బదులు 5 వేసుకుని లెక్క కట్టింది. రెండోది, చక్రాలు తాకిన వెంటనే ఇంజన్ల గాలిని ముందుకి తిప్పే రివర్సు వాడతారని అది ముందే కలిపేసుకుంది. ఈ రెండూ పైలట్ల బుర్రలో లేవు.

దిగడానికి ఉన్న రన్‌వే 5,826 అడుగులు. చక్రాలు తాకింది 1,250 అడుగుల దగ్గర. అది తప్పు కాదు, తాకాల్సిన చోటే తాకింది. రివర్సు మాత్రం వెంటనే పడలేదు. పడేసరికి 15 సెకన్లు. మంచు రోడ్డు మీద 15 సెకన్లు అంటే ఏమిటో మా డ్రైవరు ఎవరినైనా అడగండి. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బండిని గేరులో బిగించి ఇంజను చేత ఆపిస్తాం గానీ బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకోం. విమానానికి రివర్సు అలాంటిది. రోడ్డుతో దానికి పని లేదు కాబట్టి, రోడ్డు ఎంత జారితే దాని విలువ అంత పెరుగుతుంది. మరెందుకు మర్చిపోయారు? ఆటోబ్రేకు అని, తనంతట తనే పట్టుకునే బ్రేకు వాడి దిగడం ఆ పైలట్లిద్దరికీ అదే మొదటిసారి. ధ్యాస దాని మీదకు పోయింది. కొత్త బండి ఇచ్చి మొదటి ట్రిప్పే వానలో ఘాట్‌కి పంపినట్టు. రివర్సు సకాలంలో వేసి ఉంటే రన్‌వే మీదే ఆగేదని రిపోర్టు తేల్చింది. చివర దాటేటప్పుడు ఆ విమానం వేగం గంటకు 90 కిలోమీటర్లకు పైనే. మా ఎక్స్‌ప్రెస్ బస్సు హైవే మీద పోయే వేగం.

తర్వాత చాలా మారింది. బ్రేకులు పోతే ఇసుక గుట్ట చూసి ఎక్కించెయ్యమని మా పాత డ్రైవర్లు చెప్పేవారు. అదే ఉపాయం మిడ్‌వేలో రన్‌వే చివర్ల పెట్టారు. నురగ సిమెంటు దిమ్మలు, విమానం చక్రాలు అందులో కూరుకుపోయి ఆగుతాయి. దిగేముందు ఆ క్షణాన ఉన్న వాతావరణంతో లెక్క మళ్లీ కట్టి, దాని మీద కనీసం 15 శాతం అదనంగా రన్‌వే ఉంటేనే దిగమన్నారు. ‘ఫర్వాలేదు’, ‘బాగాలేదు’ లాంటి మాటలు కాకుండా రన్‌వేకి మార్కులు వేయడం మొదలైంది. పొడిగా ఉంటే 6, అసలు బ్రేకే పట్టకపోతే 0. అదీ రన్‌వేని మూడు ముక్కలు చేసి, ముక్కకి ఒక మార్కు. 2021 నవంబరు 4 నుంచి ప్రపంచమంతా ఇదే పద్ధతి. మా పైలట్‌కి నచ్చని లెక్క ఇదే అయ్యుండాలి. మూడో ముక్కకి మార్కులు తగ్గి ఉంటాయి.

ఇంత సోది ఎందుకంటే, ఆ సాయంత్రం ఆ విమానం పైకి లేచిపోయి వేరే ఊరు వెళ్లి ఉంటే మీ భాషలో దాని హెడ్డింగు ఏమిటి? ‘తప్పిన పెను ముప్పు’. ఆ 103 మందీ నాలాగే ఎక్కడో కుర్చీల్లో కూర్చుని పైలట్‌ని తిట్టుకునేవాళ్లు.

మన దేశంలోనూ చూశాం. 2010 మే 22న మంగళూరులో కో-పైలట్ “గో అరౌండ్” అని మూడుసార్లు అన్నాడని దర్యాప్తులో తేలింది. గో అరౌండ్ అంటే దిగడం మానేసి పైకి లేపెయ్యి అని. కెప్టెన్ లేపలేదు. 158 మంది పోయారు. ఆ రోజు వాతావరణం కూడా బాగానే ఉంది. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో శ్రావణమాసం వాన. మొదటిసారి వచ్చినప్పుడు కెప్టెన్ వైపు వైపరు ఆగిపోయింది, పైకి లేపాడు. అంతవరకు బాగుంది. రెండోసారి వెనకగాలితో, అటు చివర నుంచి వచ్చి, దాదాపు సగం రన్‌వే దాటాక తాకాడు. పక్కవాడు గో అరౌండ్ అన్నాడు. అయినా లేపలేదు. కొండ అంచున పడి 21 మంది పోయారు, పైలట్లిద్దరితో సహా. ఆ వైపరు సంగతి చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. వైపరు పనిచేయని బస్సుని నేను డిపో గేటు దాటించేవాణ్ణి కాదు.

మా వాడకట్టులో చాలామంది అడుగుతారు, ఢిల్లీలో 50 మీటర్లు కనపడితే చాలు దిగుతారట కదా, ఇక్కడ ఎందుకు దిగరు అని. నిజమే, అక్కడ దట్టమైన మంచులోనూ దింపగలిగే క్యాట్-3 పరికరాలున్నాయి. రేడియోతో రన్‌వేకి దారి చూపే మామూలు ఐఎల్ఎస్ పరికరం ఉన్నచోట 200 అడుగుల ఎత్తుకి వచ్చేసరికి పైలట్‌కి రన్‌వే గానీ దాని లైట్లు గానీ కనపడి తీరాలి, లేకపోతే లేచిపోవాలి. అది ధైర్యం సంగతి కాదు, రూలు. అయినా ఢిల్లీలో పరికరం ఒక్కటే ఉంటే చాలదు, విమానానికీ ఆ ఏర్పాటు ఉండాలి, పైలట్‌కీ ఆ ట్రైనింగు ఉండాలి. 2023 డిసెంబరు చివర్లో ఢిల్లీ మంచులో చాలా విమానాలు దారి మళ్లాయి. క్యాట్-3 ట్రైనింగు లేని పైలట్లను ఆ డ్యూటీలకు వేశారని విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ రెండు విమాన సంస్థలకు చెరో 30 లక్షలు జరిమానా వేసింది. అయ్యా, అదీ వార్త! మంచు రోజుల్లో డ్యూటీ చార్టు ఎవరు వేశారు, ఎవర్ని వేశారు. అలాంటివి మొదటి పేజీలో వేయండి, చదువుతాం.

ఇంకో భయం, ‘గాల్లో చక్కర్లు, ఇంధనం అయిపోతే?’ అని రాస్తుంటారు. వేరే ఊరు వెళ్లేంత ఇంధనం, దానిపైన ఇంకో అరగంట తిరిగేంత ఇంధనం వేసుకోకుండా విమానం బయల్దేరదు. ఆ చక్కర్లకు కూడా లెక్క కట్టే ఎక్కుతారు. ప్రయాణికుడికి టెన్షన్ ఉండదని నేననను. మా ఆవిడ గోళ్ల గుర్తులు నా చేతి మీద రెండు రోజులున్నాయి. టెన్షన్ రాయండి. ముప్పు అని మాత్రం రాయకండి. ఎందుకంటే ఆ పేపరు పైలట్ ఇంట్లోవాళ్లూ చదువుతారు, ఆ సంస్థలో పైవాళ్లూ చదువుతారు. లేచిపోయిన ప్రతిసారీ పేరు పేపర్లో పడుతుంటే, ఏదో ఒక పొద్దున్న ఎవడో ఒకడు “సరే, దించేద్దాం” అనుకుంటాడు. కీసర దగ్గర స్టీరింగు ఇటియ్యమన్నాయన మాటకి నేను కూడా ఒక్క క్షణం తాళం మీద చెయ్యి వేశాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మంచు మన చేతిలో లేదు గానీ పొగ మన చేతిలో ఉంది. 2018 భోగినాడు చెన్నైలో పాత టైర్లు, ప్లాస్టిక్ తగలబెట్టిన పొగ మంచుతో కలిసి విమానాలు దిగలేకపోయాయి. మా చుట్టుపక్కల కోతలయ్యాక గడ్డి కూడా ఇలాగే అంటిస్తున్నారు. భోగికి ముందు మీ జిల్లా పేజీలో నాలుగు లైన్లు దీని గురించి వేస్తే మేలు.

ఇండియానాపోలిస్ నుంచి ఆ రాత్రి మమ్మల్ని మళ్లీ ఎక్కించారు. మిడ్‌వేలో బండ్లు వరసగా, ఏటవాలుగా ఒకదాని వెనకొకటి, రన్‌వేని ఊడ్చుకుంటూ పోవడం దిగాక చూశాను. దిగేటప్పుడు చక్రాలు ధడేలుమని తాకాయి. పక్కనున్నాయన మొహం చిట్లించాడు. జారే నేల మీద అలా గట్టిగానే కూర్చోబెట్టాలని, మెత్తగా తాకిస్తే తేలుకుంటూ ముందుకు పోతుందని అల్లుడు తర్వాత చెప్పాడు. ఆ వెంటనే రివర్సు గర్జన మొదలైంది. ఆ గర్జన ఎందుకో తర్వాత రిపోర్టు విన్నాకే తెలిసింది. ఇప్పుడైతే ఏ విమానం ఎక్కినా చక్రాలు తాకగానే లోపల ‘ఒకటి, రెండు’ అని లెక్కపెడతాను. మూడు దాకా ఎప్పుడూ వెళ్లలేదు.

వచ్చే నెల మా అమ్మాయి, మనవరాలు వస్తున్నారు. ఢిల్లీ నుంచి గన్నవరానికి పొద్దుటి ఫ్లైటు. నేను ఫ్లాస్కులో కాఫీ పోసుకుని బయట కుర్చీలో కూర్చుంటాను. మంచుండి ఆ విమానం మా నెత్తి మీదుగా లేచి హైదరాబాద్ వెళ్లిపోతే, నేను కాఫీ తాగేసి ఇంటికొస్తాను. మర్నాడు మీ పేపర్లో దానికి ఏం హెడ్డింగు పెడతారో చూస్తాను.

పేరు వేయకండి. అల్లుడు నవ్వుతాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు,
గన్నవరం మండలం, కృష్ణా జిల్లా